నూట ఇరవై వరుసలు

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో మాకు ప్రొడక్షన్ ప్లానింగ్ అనే పేపర్ ఉండేది. అందులో మెషిన్ షెడ్యూలింగ్, అంటే మెషిన్ల మీద పనులను ఏ వరుసలో చేయాలో తేల్చడం, ఒక యూనిట్. దాన్ని అందరూ మార్కుల కోసమే చదివేవాళ్లు. పట్టిక ఇస్తారు, రూల్ పెట్టి వరుస తేల్చాలి, కింద గాంట్ చార్ట్ (ఏ మెషిన్ మీద ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నడుస్తుందో పెట్టెలుగా చూపే బొమ్మ) గీయాలి, అంతే. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇన్నేళ్ల తర్వాత ఆ నాలుగేళ్ల చదువులో ఏది బాగా గుర్తుందని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఇంజన్లు గుర్తుకురావు, గేర్లు గుర్తుకురావు. గ్రాఫ్ షీట్ మీద పెన్సిల్‌తో గీసిన ఆ పొడుగాటి పెట్టెలే కళ్ల ముందుకొస్తాయి.

మొదటి క్లాసులో మా మేడమ్ నిర్వచనాలేవీ చెప్పలేదు. బోర్డు మీద ఐదు పనులు రాశారు. ప్రతి పనీ ముందు లేత్ మీదికి, ఆ తర్వాత మిల్లింగ్ మెషిన్ మీదికి వెళ్లాలి. ఎ అనే పనికి లేత్ మీద 6 గంటలు, మిల్లింగ్ మీద 3. బి కి 2, 8. సి కి 5, 6. డి కి 7, 5. ఇ కి 4, 1. క్లాసును రెండుగా విడదీసి, ఎడమవైపు వాళ్లను ఇ, ఎ, డి, సి, బి వరుసలో చార్ట్ గీయమన్నారు. కుడివైపు వాళ్లను బి, సి, డి, ఎ, ఇ వరుసలో గీయమన్నారు. నేను ఎడమవైపు కూర్చున్నాను. మాకు అన్ని పనులూ పూర్తవడానికి 36 గంటలు పట్టింది. అవతలి వాళ్లకు 25.

ముందు మేం నమ్మలేదు. లెక్క తప్పి ఉంటుందని ఒకరి చార్ట్ ఒకరం లాక్కుని మళ్లీ కూడాం. తప్పేమీ లేదు. మెషిన్లు అవే, పనులు అవే, ఏ పనికి పట్టే సమయమూ మారలేదు. కొత్తగా ఏదీ కొనలేదు, ఎవరినీ వేగంగా చేయమనలేదు. వరుస మారింది, 11 గంటలు మిగిలాయి. అప్పటిదాకా వరుస అంటే నాకు రోల్ నంబర్ల లాంటిదే, దానికంటూ సొంతంగా విలువ ఉంటుందనుకోలేదు. ఆ రోజు మొదటిసారి అది ఒక వస్తువులా కనిపించింది. ఉక్కు ఉన్నట్టు, కరెంట్ ఉన్నట్టు, వరుస కూడా ఉంది.

కుడివైపు వాళ్లకు ఇచ్చిన వరుస ఒక రూల్ పెట్టి తేల్చింది. ఆ రూల్‌ని 1954లో ఎస్.ఎం. జాన్సన్ ప్రచురించాడు. చెప్పుకోవడానికి రెండు వాక్యాలు చాలు. పట్టిక మొత్తంలో అతి చిన్న అంకె వెతకాలి. అది మొదటి మెషిన్‌ది అయితే ఆ పనిని వరుసలో ముందుకు, రెండో మెషిన్‌ది అయితే చివరికి పంపాలి. తర్వాత మిగిలిన పనులతో మళ్లీ అదే. ఎందుకలా అంటే, మొదట్లో రెండో మెషిన్ పని కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటుంది, కాబట్టి దాని చేతికి త్వరగా ఒక పని అందించాలి. చివర్లో మొదటి మెషిన్ పని ముగించుకుని నిలబడుతుంది, కాబట్టి ఆ తర్వాత రెండో మెషిన్ మీద మిగిలేది చిన్నదై ఉండాలి. ఇంత సులువైన మాట ఎప్పుడూ, ఏ అంకెలకైనా, అన్నిటికన్నా మంచి జవాబే ఇస్తుందని నిరూపణ కూడా ఉంది.

మేం అందరం హోంవర్క్‌లో 25 అని రాసి కింద గీత గీశాం. మేడమ్ ప్రతి పుస్తకంలోనూ ఆ గీత కింద ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న రాసి తిప్పి ఇచ్చారు: "24 ఎందుకు కాదు?"

"జాన్సన్ రూల్ ప్రకారం" అని రాశాను. దాని పక్కన మళ్లీ ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పడింది. ఆవిడకు ఏం కావాలో నాకు అర్థం కాలేదు. కొన్ని వారాల పాటు ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మధ్యలో ఒకే మెషిన్ మీద పనులను పేర్చే పద్ధతులు వచ్చాయి. ఒక మెషిన్ మీద ఏ వరుసలో చేసినా చివరి పని ముగిసే సమయం మారదు. కానీ ఒక్కో పని ఎంతసేపు వేచి ఉందన్నది మారుతుంది. 8 గంటల పని ముందు, 1 గంట పని తర్వాత చేస్తే అవి 8కి, 9కి పూర్తవుతాయి, కలిపితే 17. తిప్పి చేస్తే 1కి, 9కి, కలిపితే 10. అందుకే చిన్న పని ముందు. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. మేడమ్ చూపించిన నిరూపణే నన్ను పట్టుకుంది. పొడుగాటి వరుసలో ఎక్కడో ఒకచోట పెద్ద పని వెనకాల చిన్న పని ఉందనుకోండి. ఆ రెండింటినీ మాత్రం మార్చండి. వాటికి ముందున్న పనులకు ఈ సంగతే తెలియదు. వెనకున్న పనులకూ తెలియదు, ఎందుకంటే ఆ జత ముగిసే సమయం మారలేదు. మారింది ఆ రెండింటి మధ్యే, అదీ మంచికే. ఇలా పక్కపక్కన ఉన్నవాటిని మార్చుకుంటూ పోతే చివరికి ఏ వరుసైనా చిన్న నుంచి పెద్దకు చేరుకుంటుంది. వంద పనుల లెక్క రెండు పనుల లెక్క అయిపోయింది. 1956లో డబ్ల్యూ.ఇ. స్మిత్ ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఇచ్చి, సమయాన్ని దాంతో భాగించి పేర్చాలని చెప్పినదానికీ ఇదే నిరూపణ సరిపోతుంది. నేను అప్పటికి చాలా నిరూపణలు బట్టీ పట్టి ఉన్నాను. అర్థమై, సొంతంగా ఇంకొకరికి చెప్పగలిగిన మొదటిది ఇదే.

ఆ సెమిస్టర్‌లోనే ఒకసారి ఫ్యాక్టరీ చూడటానికి తీసుకెళ్లారు. పెయింట్ వేసే చోట సూపర్‌వైజర్ లేత రంగులన్నీ ముందు నడిపి, ముదురు రంగులు చివరికి ఉంచుతున్నాడు. తెలుపు తర్వాత నలుపు అయితే రంగు చిమ్మే గన్‌ని పైపైన కడిగితే చాలు, నలుపు తర్వాత తెలుపు అయితే మొత్తం విప్పి కడగాలి అని చెప్పాడు. ఆయన షెడ్యూలింగ్ పుస్తకాలు చదివినవాడు కాదు, ఏళ్ల తరబడి కడిగి తెలుసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మేడమ్, "ఆయన రోజూ పరిష్కరిస్తున్నది ట్రావెలింగ్ సేల్స్‌మన్ లెక్కే" అన్నారు. ఊళ్లన్నీ తిరగాల్సిన అమ్మకందారు ఏ వరుసలో వెళ్తే దూరం తగ్గుతుందన్నదే ఆ లెక్క. ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లడం లాంటిది, కడగడానికి పట్టే సమయమే దూరం. ఆ మాట విన్నాక నాకు ఫ్యాక్టరీ ఇంకోలా కనిపించింది.

కానీ క్లాసును నిజంగా కుదిపేసింది గ్రాహమ్ లెక్క. రాన్ గ్రాహమ్ 1966లో చూపించిన విషయం అది. ఒకేలాంటి మూడు మెషిన్లు, తొమ్మిది పనులు. సమయాలు వరుసగా 3, 2, 2, 2, 4, 4, 4, 4, 9. మొదటి పని అయ్యాకే తొమ్మిదోది మొదలవ్వాలి. నాలుగోది అయ్యాకే ఐదు నుంచి ఎనిమిది దాకా ఉన్నవి మొదలవ్వాలి. మెషిన్ ఖాళీ అవగానే, జాబితాలో చేయడానికి సిద్ధంగా ఉన్న మొదటి పని దానికి ఇచ్చేయాలి. గీస్తే 12 గంటలు వచ్చింది. "ఇప్పుడు యాజమాన్యం నాలుగో మెషిన్ ఇచ్చింది. మళ్లీ గీయండి" అన్నారు మేడమ్. మేం హాయిగా గీశాం. 15 వచ్చింది.

క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. సరేనని మళ్లీ మూడు మెషిన్లకే వచ్చి, ఈసారి ప్రతి పనికీ ఒక గంట తగ్గించమన్నారు. ప్రతి పనీ తొందరగా అయిపోతుంది కదా, తప్పకుండా తగ్గుతుందనుకున్నాం. 13 వచ్చింది. పనివాళ్లు వేగంగా చేసినందుకు ఆలస్యమైంది! చార్ట్ చూస్తే కారణం కళ్లకు కడుతుంది. మొదటిసారి ఆ 9 గంటల పెద్ద పని మూడో గంటకే ఒక మెషిన్ మీదికి ఎక్కి, పక్క మెషిన్ల మీద చిన్నవి నడుస్తుండగా 12కి ముగిసింది. నాలుగో మెషిన్ వచ్చేసరికి నాలుగో పని ముందే అయిపోయి, దాని కోసం ఆగిన నాలుగు పనులూ ఒక్కసారి లేచి మెషిన్లన్నీ పట్టేసుకున్నాయి. పెద్ద పని ఆరో గంట దాకా ఆగాల్సి వచ్చింది. 6, 9 కలిపితే 15. ఎక్కడా ఎవరి తప్పూ లేదు. నా పక్కన కూర్చునే మిత్రుడు ఆ రోజంతా ఆ చార్ట్‌నే చూస్తూ గడిపాడు. మధ్యాహ్నం లాబ్‌లో కూడా "ఏరా, నాలుగో మెషిన్‌ని ఖాళీగా ఉంచినా 12 వచ్చేది కదరా" అంటూనే ఉన్నాడు. నిజమే. ఖాళీ మెషిన్ కంటికి తప్పులా కనిపిస్తుంది కాబట్టి దానికి పని ఇచ్చేస్తాం. ఆ తొందరే మూడు గంటలు తినేసింది.

సెమిస్టర్ చివరికి మూడు మెషిన్ల ఫ్లో షాప్, అంటే ప్రతి పనీ మూడు మెషిన్ల మీదికీ ఒకే క్రమంలో వెళ్లే లెక్క, వచ్చింది. జాన్సన్ రూల్ మూడు మెషిన్లకు కూడా కొన్నిసార్లు పనికొస్తుంది. మధ్య మెషిన్ మీద ఉన్న అతి పెద్ద సమయం, మొదటి మెషిన్ మీదనో మూడో మెషిన్ మీదనో ఉన్న అతి చిన్న సమయాన్ని మించకపోతే, ప్రతి పనికీ మొదటి రెండు సమయాలనూ, చివరి రెండు సమయాలనూ కలిపి రెండు మెషిన్ల లెక్కలా చేయొచ్చు. పరీక్షల్లో ఇచ్చేవన్నీ అలా కుదిరే లెక్కలే. మేడమ్ కుదరని లెక్క ఇచ్చారు.

ఐదు పనులు. మొదటిదానికి 6, 5, 6. రెండోదానికి 4, 7, 2. మూడోదానికి 3, 6, 7. నాలుగోదానికి 7, 4, 5. ఐదోదానికి 5, 8, 4. మధ్య మెషిన్ మీద 8 ఉంది, రూల్ పనిచేయదు. "రేపటికి అన్నిటికన్నా మంచి వరుస పట్టుకుని రండి" అన్నారు.

ఐదు పనులకు 120 వరుసలు. మూడు మెషిన్ల వరకు అన్ని మెషిన్ల మీదా ఒకే వరుస ఉంచితే నష్టం లేదని అప్పటికే చెప్పారు కాబట్టి ఆ 120 చూస్తే చాలు. మేం ముగ్గురం ఒక గదిలో కూర్చుని తలా 40 పంచుకున్నాం. ఒక్కో చార్ట్‌కు 15 పెట్టెలు, మొత్తం 1,800 పెట్టెలు. 1-2-3-4-5 తో మొదలయ్యే మొదటి వాటా నాది. ఆ తొలి వరుసకు 40 గంటలు వచ్చింది.

అర్ధరాత్రి దాటకముందే రెండో వాటా తీసుకున్న మిత్రుడు తన పద్నాలుగో చార్ట్ దగ్గర ఆగి, "35" అన్నాడు. 3-1-5-4-2. మేం ముగ్గురం కలిసి సరిచూశాం. ఒప్పే. అంత తక్కువ అప్పటికి ఎవరికీ రాలేదు.

"ఇంకేం రా, ఇదే రాసేద్దాం" అన్నాడు మూడోవాడు.

"34 ఉంటే?" అన్నాను. ఆ ఎర్ర సిరా ప్రశ్న నా నోట్లోంచి వచ్చిందని అప్పుడు నాకు తట్టలేదు.

ఎవరి దగ్గరా సమాధానం లేదు. మిగిలిన వాటిలో ఎక్కడైనా 34 దాగి ఉండొచ్చు. అందుకని గీస్తూనే పోయాం. జవాబు చేతిలో ఉండగా, అదే జవాబని తెలియక తెల్లవారేదాకా కూర్చున్న రాత్రి అది. పెన్సిళ్లు అరిగిపోయాయి, స్కేలు అంచుకు నల్లగా మసి పట్టింది, ఎవరి అంకెలు వాళ్లకే ఆనలేదు. 120 పూర్తయ్యేసరికి కిటికీ తెల్లబడింది. 34 లేదు. మొత్తం మూడు వరుసలకే 35 వచ్చింది: 3-1-5-4-2, 3-5-1-4-2, 3-5-4-1-2. మూడూ ఒకే మిత్రుడి వాటాలో ఉన్నాయి. మూడూ 3తో మొదలై 2తో ముగుస్తున్నాయని అతనే గమనించి, ఆ పక్కన ఒక గీత పెట్టాడు. ఎందుకో ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు.

ఉదయం ఆ షీట్ల కట్ట బల్ల మీద పెడితే మేడమ్ ఒక్కో కాగితం తిప్పి చూశారు. నవ్వలేదు, తొందరపడలేదు, అన్నీ చూశారు. "120 కూడా గీశారా? చాలా మంచి పని చేశారు" అని, బోర్డు దగ్గరికి వెళ్లి మూడు అంకెలు రాశారు. 3, 30, 2.

మధ్య మెషిన్ మీద ఐదు పనులకూ కలిపి 30 గంటలు. అది తగ్గదు. కానీ ఆ మెషిన్ సున్నా గంటకే మొదలవ్వలేదు. ముందు ఏదో ఒక పని మొదటి మెషిన్ దాటి రావాలి, అందరికన్నా తొందరగా వచ్చేదానికి కూడా 3 గంటలు పడుతుంది. అలాగే మధ్య మెషిన్ ఆఖరి పని ముగించగానే అంతా అయిపోదు. ఆ పని మూడో మెషిన్ మీదికి వెళ్లాలి, అక్కడ అతి చిన్నది 2. 3, 30, 2 కలిపితే 35. మీరు ఏ వరుస పెట్టినా, ఎన్ని రాత్రులు కూర్చున్నా, అంతకన్నా తగ్గదు.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు ఆ క్షణంలో రాత్రంతా వృథా అయిందన్న బాధ కలగలేదు. అలా గీసి ఉండకపోతే ఆ మూడు అంకెల బరువు నాకు తెలిసేది కాదు. 3తో మొదలై 2తో ఎందుకు ముగుస్తుందో కూడా తెలిసిపోయింది. 3 గంటలు మూడో పనివి, 2 గంటలు రెండో పనివి. నా పాత పుస్తకం తీసి జాన్సన్ లెక్క చూసుకున్నాను. లేత్ మీద మొత్తం పని 24 గంటలు. ఆఖరి పని లేత్ దిగాక మిల్లింగ్ మీద కనీసం 1 గంట. 24 ఎందుకు కాదో అన్ని వారాలుగా ఆ పేజీలోనే ఉంది.

మంచి జవాబు దొరకడం ఒక పని, అంతకన్నా మంచిది లేదని తెలియడం ఇంకో పని అని, రెండోది కొన్నిసార్లు ఎంత కష్టమో చెప్పడానికి ఆవిడ ఆ రోజు ఫిషర్, థామ్సన్‌ల లెక్క సంగతి చెప్పారు. 1963లో అచ్చయిన ఆ లెక్కలో 10 పనులు, 10 మెషిన్లు, ఒక్కో పని మెషిన్ల మీదికి తనదైన క్రమంలో వెళ్తుంది. 930 అన్న జవాబు దొరికింది. అంతకన్నా తక్కువ సాధ్యం కాదని కార్లియర్, పిన్సన్ నిరూపించింది 1989లో. పాతికేళ్లకు పైగా ఎంతోమంది అదే పది పనుల చుట్టూ తిరిగారు. మూడు మెషిన్లకు అన్నివేళలా పనికొచ్చే సులువైన రూల్ ఎందుకు లేదన్న మా ప్రశ్నకు కూడా అప్పుడే సమాధానం దొరికింది. ఆ లెక్క ఎన్‌పీ హార్డ్ అని, అంటే పనులు ఎన్ని పెరిగినా త్వరగా జవాబు తేల్చే పద్ధతి ఎవరికీ దొరకని రకం అని, 1976లో గ్యారీ, జాన్సన్, సేథీ చూపించారు. ఈ జాన్సన్ డేవిడ్ జాన్సన్, 1954 జాన్సన్ వేరు. రెండు మెషిన్లకు దారి వేసినవారి పేరూ, మూడో మెషిన్ దగ్గర గోడ ఉందని చూపినవారిలో ఒకరి పేరూ ఒకటే కావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. 20 పనులైతే వరుసల సంఖ్య ఎంతంటే, సెకనుకు వంద కోట్ల వరుసలు చూసినా 77 ఏళ్లు పడుతుంది. ముందు రోజు రాత్రి 120 గీసిన మాకు ఆ మాట వేరేలా వినిపించింది.

బెల్ కొట్టడానికి ఇంకా కాస్త సమయం ఉంది. మేడమ్ మా పట్టికను మళ్లీ బోర్డు మీద రాసి, రెండో పనికీ మూడో పనికీ మూడో మెషిన్ మీద ఉన్న సమయాలను తారుమారు చేశారు. రెండోది 4, 7, 7 అయింది. మూడోది 3, 6, 2. "ఇప్పుడు?" అన్నారు.

వెనక బెంచీ నుంచి వెంటనే ఎవరో "35" అన్నారు. 3, 30, 2, ఏదీ మారలేదు కదా. మేడమ్ ఏమీ అనలేదు. రాత్రి గీత పెట్టిన మిత్రుడు బోర్డు వంక చూస్తూ, "రెండూ ఒకే పనికి ఉన్నాయి మేడమ్" అన్నాడు. 3 ఉన్నదీ, 2 ఉన్నదీ ఇప్పుడు మూడో పనే. ఒకే పని మొదటా, చివరా రెండు చోట్లా ఉండలేదు. దాన్ని ముందు పెడితే చివర కనీసం 4 పడుతుంది, 37. దాన్ని చివర పెడితే ముందు కనీసం 4 పడుతుంది, 36. ఆ 4 రెండో పనిది. అంటే 36 రావాలంటే వరుస 2తో మొదలై 3తో ముగియాలి. మధ్యలో మూడు పనులు, ఆరే వరుసలు.

ముగ్గురం ఒకే షీట్ మీదికి వంగాం. 2-1-4-5-3 గీస్తే 38 వచ్చింది. 2-1-5-4-3 నేను గీశాను. చివరి పెట్టె 36 దగ్గర ముగిసింది. పెన్సిల్ కింద పెట్టేశాను.